బంజారాహిల్స్ ఏ సీటులో ఉంది? సికింద్రాబాద్ లోక్‌సభ స్థానం హద్దులు, ఎంపీలు, అందులో మన లెక్క

బంజారాహిల్స్ రోడ్ నంబర్ 10లో మనవాళ్లందరికీ తెలిసిన రెండు భవనాలున్నాయి. ఒకటి సేవాలాల్ బంజారా భవన్, రెండోది కుమ్రం భీమ్ ఆదివాసీ భవన్. 2022 సెప్టెంబర్ 17న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు వాటిని ప్రారంభించారు. చదువుకో కొలువుకో నగరానికి వచ్చిన మన పిల్లలను ‘ఈ భవనాలు ఏ పార్లమెంటు సీటు కిందికి వస్తాయి?’ అని అడిగితే చాలామంది టక్కున ‘హైదరాబాద్’ అంటారు. కాదు, సికింద్రాబాద్. అక్కడికి దగ్గర్లోనే ఉన్న జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కూడా అంతే. హుస్సేన్‌సాగర్‌కు అవతలి ఒడ్డున తెల్లదొరల దండు దిగిన ఊరి పేరుతో ఉన్న సీటులోకి మన పేరు పెట్టుకున్న గుట్టలు ఎట్లా చేరాయో, అక్కడి నుంచి ఢిల్లీకి ఎవరెవరు వెళ్లారో ఈ వ్యాసంలో చెబుతాను. ఇది మనకెందుకు అనుకునేవాళ్లు కొంచెం ఓపిక పట్టండి. మన లెక్క కూడా ఇందులోనే ఉంది.

ముందు గుట్టల సంగతి. రైలు రాకముందు దక్కన్‌లో ఉప్పు, ధాన్యం ఊరి నుంచి ఊరికి చేర్చింది బంజారాల ఎద్దులే. గోల్కొండ మీదికి వచ్చిన మొఘల్ సేనలకైనా, ఆ తర్వాత నిజాం సేనలకైనా గింజలు అందాలంటే మన బిడారులు కదలాల్సిందే. గోల్కొండకూ హుస్సేన్‌సాగర్‌కూ నడుమ ఉన్న ఈ రాతి గుట్టల్లో బంజారాలు ఉండేవారు, అందుకే ఆ పేరు. 1930 ప్రాంతంలో మెహదీ నవాజ్ జంగ్ అనే నిజాం కాలపు అధికారి అక్కడ రాళ్లను పగలగొట్టకుండా వాటి మధ్యే ఇల్లు కట్టుకున్నారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఆ ఇంట అతిథిగా ఉన్నారు. నవాజ్ జంగ్ తర్వాత గుజరాత్ రాష్ట్రానికి మొదటి గవర్నర్ అయ్యారు. ఆయన వెనకే నవాబులు, అధికారులు, ఆ తర్వాత వ్యాపారులు గుట్టలెక్కారు. పేరు మనది మిగిలింది, పట్టాలు వేరేవాళ్లవి అయ్యాయి. ఇది కొత్త సంగతి కాదు గనుక దీని దగ్గరే ఆగను.

1952లో దేశంలో మొదటి సాధారణ ఎన్నికలు జరిగినప్పుడు సికింద్రాబాద్ పేరుతో లోక్‌సభ స్థానమే లేదు. అప్పటికి మనది హైదరాబాద్ రాష్ట్రం. తెలంగాణతో పాటు మరాఠ్వాడా, కన్నడ జిల్లాలు కూడా అందులోనే ఉండేవి. రాజధానికి ‘హైదరాబాద్ సిటీ’ అని ఒక సీటు ఇచ్చారు. కాంగ్రెస్ తరఫున అహ్మద్ మొహియుద్దీన్ గెలిచారు. 1956లో రాష్ట్రాల పునర్విభజనతో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక హద్దులన్నీ మళ్లీ గీశారు. 1957లో సికింద్రాబాద్ స్థానం పుట్టింది. మొహియుద్దీన్ సాహెబ్ అక్కడికి మారి 1957లోనూ, 1962లోనూ గెలిచారు. నెహ్రూ ప్రభుత్వంలో ఉపమంత్రిగా కూడా పనిచేశారు. 1967లో కాంగ్రెస్ నుంచే బాకర్ అలీ మీర్జా వచ్చారు. ఆయన అంతకు ముందు వరంగల్ ఎంపీ.

1971 ఎన్నిక మాత్రం వేరు. 1969లో ప్రత్యేక తెలంగాణ కోసం విద్యార్థులు రోడ్ల మీదికి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. రెండేళ్లకు జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 స్థానాల్లో 10 గెలిచింది. దేశమంతా ఇందిరాగాంధీ గాలి వీస్తున్న రోజులవి. అంత గాలిలోనూ సికింద్రాబాద్ ఓటర్లు ప్రజా సమితి అభ్యర్థి ఎం.ఎం. హాషిమ్‌ను పంపారు. పార్టీ తర్వాత కాంగ్రెస్‌లో కలిసిపోయింది. 1977లో హాషిమ్ కాంగ్రెస్ అభ్యర్థిగా మళ్లీ గెలిచారు. పది సీట్లు గెలిచిన ఉద్యమ పార్టీ అంత త్వరగా ఎట్లా కరిగిపోయిందన్నది మీ తరం విడిగా చదువుకోవలసిన పాఠం.

1979 ఉప ఎన్నికలో పి. శివశంకర్ గెలిచారు. 1980లోనూ ఆయనే. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన వెనుకబడిన వర్గాల నాయకుడు, ఇందిర మంత్రివర్గంలో న్యాయశాఖ చూశారు. ఆ తర్వాత, 1984లో, టి. అంజయ్య వచ్చారు. ఈ సీటు చరిత్రలో నాకు అందరికంటే దగ్గరగా అనిపించే మనిషి ఆయనే. ఆల్విన్ ఫ్యాక్టరీలో కూలీగా మొదలై, కార్మిక సంఘం నాయకుడై, 1980 అక్టోబర్‌లో ముఖ్యమంత్రి అయ్యారు. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ ఆయనను నలుగురిలో కసురుకున్న సంగతి మీ ఇళ్లలో పెద్దలను అడిగితే ఇప్పటికీ కోపంగా చెబుతారు. ఆ నెలలోనే ఆయన పదవి పోయింది. తెలుగువారి ఆత్మగౌరవం అనే మాట ఆ తర్వాతే ఎన్నికల సభల్లో మార్మోగింది. అదే అంజయ్యను రెండేళ్లకు సికింద్రాబాద్ ప్రజలు లోక్‌సభకు పంపారు. కూలీ చేసిన మనిషి కేంద్రంలో కార్మిక శాఖ సహాయ మంత్రి అయ్యారు. 1986 అక్టోబర్‌లో ఆయన చనిపోతే మరుసటి ఏడాది ఉప ఎన్నికలో భార్య మణెమ్మ గెలిచారు, 1989లో మళ్లీ గెలిచారు. 1957 నుంచి ఇప్పటి దాకా సికింద్రాబాద్ పంపిన ఒకే ఒక్క మహిళా ఎంపీ ఆమె.

ఇక్కడ ఒక పోలిక చెప్పకుండా ఉండలేను. రాజధానిలోని ఈ సీటుకు ఇన్నేళ్లలో ఒక్క మహిళ. అదే గోదావరి ఒడ్డున, ఎస్టీలకు కేటాయించిన భద్రాచలం స్థానం నుంచి బి. రాధాబాయి ఆనందరావు 1967, 1971, 1977, 1980లలో వరుసగా నాలుగుసార్లు గెలిచారు. తర్వాత అక్కడి నుంచే కర్రెద్దుల కమలకుమారి, దుంప మేరీ విజయకుమారి ఎంపీలయ్యారు. వెనుకబడిన ప్రాంతం అని ఎవరిని అంటున్నామో ఒకసారి చూసుకోవాలి.

1991లో బండారు దత్తాత్రేయ గెలిచారు. ఆ ఏడు ఆంధ్రప్రదేశ్‌లో బీజేపీకి దక్కిన సీటు ఇదొక్కటే. 1996లో ప్రధాని పి.వి. నరసింహారావు కొడుకు పి.వి. రాజేశ్వరరావు కాంగ్రెస్‌కు తిరిగి తెచ్చారు. 1998, 1999లలో మళ్లీ దత్తాత్రేయ. 2004, 2009లలో కాంగ్రెస్ నుంచి ఎం. అంజన్‌కుమార్ యాదవ్. 2014లో దత్తాత్రేయ. 2019, 2024లలో జి. కిషన్ రెడ్డి. అంటే ముప్పై ఏళ్లకు పైగా ఈ సీటు కాంగ్రెస్, బీజేపీల మధ్యనే తిరుగుతోంది. తెలుగుదేశం గాని, తెలంగాణ రాష్ట్రాన్ని తెచ్చామని చెప్పుకున్న టీఆర్ఎస్ గాని ఇక్కడ సొంత గుర్తు మీద ఒక్కసారీ గెలవలేదు. 2019లో టీఆర్ఎస్ గట్టిగానే ప్రయత్నించింది, 62 వేల ఓట్ల తేడాతో ఓడింది.

తెర మీది వాళ్లు ఎక్కడి నుంచి ఎన్నికయ్యారు?

ఎంపీలు ఇట్లా మారుతున్న కాలంలోనే గుట్టల రూపు మారిపోయింది. 1960లలో చల్లగళ్ల నరసింహారావు అనే అధికారి చొరవతో జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ ఏర్పడింది. నీళ్లు లేని బండల మీద ప్లాటు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాళ్లు లేరని అప్పటివాళ్లు చెబుతారు. తెలుగు సినిమా మద్రాసు నుంచి ఇటు కదిలాక కథ మారింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్ తెరిచారు. తర్వాత కృష్ణ పద్మాలయా, రామానాయుడు స్టూడియో వచ్చాయి. పరిశ్రమ వాళ్లకు స్థలాలు ఇవ్వడంతో ఫిల్మ్‌నగర్ లేచింది. ఆ బంగళాలకు బండలు పగలగొట్టినవాళ్లు, మట్టి తట్టలు మోసినవాళ్లు పనైపోయాక ఎక్కడికి పోతారు? గుట్టల వాలులోనే గుడిసెలు వేసుకున్నారు. పాలమూరు, దేవరకొండ వైపు తండాల నుంచి వచ్చిన మనవాళ్లూ వాళ్లలో ఉన్నారు. పేరు పెట్టిన వాళ్ల మనవలు అదే గుట్టకు కూలీలుగా తిరిగి వచ్చారన్న మాట.

సినిమా వాళ్లలో ఎంపీలైన వాళ్లు చాలామందే ఉన్నారు. పరిశ్రమ మద్రాసులో ఉన్నప్పుడే, 1967లో, జగ్గయ్య ఒంగోలు నుంచి గెలిచారు. హైదరాబాద్‌కు వచ్చాక వరస పెరిగింది. 1989లో కృష్ణ ఏలూరు నుంచి, జమున రాజమండ్రి నుంచి గెలిచారు. 1996లో కైకాల సత్యనారాయణ మచిలీపట్నం నుంచి, 1998లో కృష్ణంరాజు కాకినాడ నుంచి, మరుసటి ఏడాది నరసాపురం నుంచి, అదే 1999లో రామానాయుడు బాపట్ల నుంచి వెళ్లారు. 2009లో విజయశాంతి మెదక్ నుంచి, 2014లో మురళీమోహన్ రాజమండ్రి నుంచి. ఈ పేర్లలో సికింద్రాబాద్ ఒక్కసారి కూడా లేదు, గమనించారా? స్టూడియోలు ఇక్కడ, షూటింగులు ఇక్కడ, పోలింగ్ రోజు జూబ్లీహిల్స్ క్లబ్ దగ్గర క్యూలో నిలబడి వేలి సిరా చూపించేదీ ఇక్కడే. గెలిచింది మాత్రం ఎక్కువగా పుట్టిన జిల్లాలో, కులమో బంధుగణమో ఉన్న చోట, లేదా పార్టీ చూపించిన చోట. తెలుగు తెర మీద వాళ్లను చూడని ఊరు లేదు కాబట్టి ఎక్కడికి వెళ్లినా జనం గుర్తుపట్టారు.

తండా నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో గది అద్దెకు తీసుకుని, ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకున్న తమ్ముడి పరిస్థితీ పైకి ఇలాంటిదే. ఒక్క తేడా ఉంది. రామానాయుడు గారు రెండు చోట్లా మనిషిగా లెక్కకు వచ్చారు. మన తమ్ముడు రెండు చోట్లా రాకుండా పోయే ప్రమాదం ఉంది. అది ఎట్లాగో చెప్పాలంటే హద్దులు గీసే పద్ధతి తెలియాలి.

గీత గీసేది ఎవరు?

లోక్‌సభ, శాసనసభ స్థానాల హద్దులను డీలిమిటేషన్ కమిషన్ గీస్తుంది. జనాభా లెక్కల మీద ఆధారపడి గీయాలి. కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు చట్టంతో సమానం. 1971 జనాభా లెక్కల ఆధారంగా గీసిన గీతలను 1976లో 42వ సవరణతో గడ్డకట్టించారు. జనాభాను అదుపులో పెట్టిన రాష్ట్రాలు సీట్లు పోగొట్టుకోకూడదన్నది దాని వెనక ఆలోచన. మొదట 2001 దాకా అన్నారు. 84వ సవరణ వచ్చి, రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా ముట్టుకోవద్దంది. రాష్ట్రం లోపల గీతలు మాత్రం ఒకసారి సరిచేశారు. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ 2001 లెక్కలతో చేసిన ఆ పని 2008లో అమల్లోకి వచ్చింది. మన దగ్గర 2009 ఎన్నికలు ఆ గీతల మీద జరిగాయి.

1971 నుంచి 2001 దాకా ముప్పై ఏళ్లలో హైదరాబాద్ పడమటి వైపు ఎట్లా పెరిగిందో ఊహించుకోండి. జూబ్లీహిల్స్, మాదాపూర్, కూకట్‌పల్లి వైపు అంతస్తులు లేస్తుంటే గీత మాత్రం 1971 దగ్గరే నిలబడింది. ఆ బరువంతా ఖైరతాబాద్ శాసనసభ స్థానం మీద పడింది. రాష్ట్రంలోనే పెద్ద స్థానాల్లో అదొకటి అయింది. పి. జనార్దన్ రెడ్డి, అందరూ పీజేఆర్ అనేవారు, అక్కడి నుంచి ఐదుసార్లు గెలిచారు. బస్తీ మనిషి ఆయన. గుడిసెలు కూల్చడానికి మనుషులు వస్తే అడ్డంగా నిలబడే నాయకుడని పేరు. బంగళాల స్థానానికి బస్తీ నాయకుడు ఐదుసార్లు ఎట్లా గెలిచాడంటే, బంగళాల కంటే బస్తీల్లో తలలు ఎక్కువ, పైగా ఆ తలలు పోలింగ్ రోజు బూత్ దాకా వచ్చేవి. 2007 డిసెంబర్ 28న ఆయన చనిపోయారు. కొద్ది నెలలకే ఆయన స్థానం కూడా ముక్కలైంది.

2008లో పాత ఖైరతాబాద్‌ను ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, శేరిలింగంపల్లి, కూకట్‌పల్లిగా విడగొట్టారు. మొదటి రెండూ సికింద్రాబాద్ లోక్‌సభలో ఉన్నాయి. శేరిలింగంపల్లి కొత్తగా పుట్టిన చేవెళ్లకు, కూకట్‌పల్లి కొత్తగా పుట్టిన మల్కాజిగిరికి పోయాయి. 2004లో ఒకే ఎమ్మెల్యేను ఎన్నుకున్న జనం 2009లో నలుగురు ఎమ్మెల్యేల కిందికి, ముగ్గురు ఎంపీల కిందికి వెళ్లారు. హిమాయత్‌నగర్, ఆసిఫ్‌నగర్ శాసనసభ స్థానాలు పేర్లతో సహా మాయమయ్యాయి. ఇప్పుడు సికింద్రాబాద్ లోక్‌సభ కింద ముషీరాబాద్, అంబర్‌పేట, ఖైరతాబాద్, జూబ్లీహిల్స్, సనత్‌నగర్, నాంపల్లి, సికింద్రాబాద్ అనే ఏడు శాసనసభ స్థానాలున్నాయి.

పేర్ల తమాషా చూడండి. సికింద్రాబాద్‌కు ఆ పేరూ ఊరూ వచ్చిందే కంటోన్మెంట్ వల్ల. ఆ కంటోన్మెంట్ ఇప్పుడు సికింద్రాబాద్ లోక్‌సభలో లేదు, మల్కాజిగిరిలో ఉంది. జూబ్లీహిల్స్ అనగానే మనకు కళ్ల ముందు కనిపించే పెద్ద బంగళాలలో ఎక్కువ భాగం జూబ్లీహిల్స్ శాసనసభ స్థానంలో లేవు, ఖైరతాబాద్‌లో ఉన్నాయి. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఉండేవాళ్లలో కూడా చాలామంది ఓటు ఖైరతాబాద్‌లోనే. జూబ్లీహిల్స్ స్థానం అంటే ఎర్రగడ్డ, బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, జూనియర్ ఆర్టిస్టులు ఉండే కృష్ణానగర్. మధ్యతరగతి, కూలీ జనం ఊళ్లు. ఎమ్మెల్యే మాగంటి గోపీనాథ్ మరణంతో 2025 నవంబర్ 11న అక్కడ ఉప ఎన్నిక జరిగితే, టీవీలన్నీ ‘ఖరీదైన జూబ్లీహిల్స్’ అని ఊదరగొట్టాయి. కాంగ్రెస్ అభ్యర్థి నవీన్ యాదవ్ గెలిచారు. మొత్తం ఓటర్లలో సగం మంది కూడా బూత్‌కు రాలేదు.

బంజారాహిల్స్ ఎస్టీ సీటు ఎందుకు కాలేదు?

కొందరు పిల్లలు ఈ ప్రశ్న నిజంగానే అడుగుతారు. నవ్వాల్సిన ప్రశ్న కాదు. రాజ్యాంగం 330వ అధికరణం ప్రకారం ఒక రాష్ట్రంలో ఎస్టీల జనాభా వాటా ఎంతో లోక్‌సభ సీట్లలో వాళ్ల వాటా దాదాపు అంత ఉండాలి. ఎన్ని సీట్లన్నది ఆ లెక్క. ఎక్కడన్నది వేరే లెక్క. డీలిమిటేషన్ చట్టం ప్రకారం ఎస్టీ సీట్లను వాళ్ల జనాభా నిష్పత్తి అన్నిటికంటే ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లోనే పెట్టాలి. ఎస్సీ సీట్లకు రాష్ట్రంలో వేర్వేరు చోట్లకు పంచాలనే నియమం ఉంది, మనకు అది లేదు. 2011 లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో ఎస్టీలు సుమారు 49 వేలు, జిల్లా జనాభాలో ఒకటింపావు శాతం. గుట్టకు మన పేరున్నా, నియమం చూసేది తలలనే.

తలలు లెక్కకు రావడం ఎంత దూరం పోతుందో తెలంగాణ లంబాడీల చరిత్రే చెబుతుంది. ఆంధ్ర ప్రాంతంలో సుగాలీ, లంబాడీలు ఎస్టీలుగా ఉన్న రోజుల్లో తెలంగాణ లంబాడీలు ఆ జాబితాలో లేరు. 1976 నాటి సవరణ చట్టంతో, 1977 నుంచి వాళ్లకూ గుర్తింపు వచ్చింది. 1971లో ఆంధ్రప్రదేశ్ ఎస్టీ జనాభా 16.58 లక్షలు, 1981లో 31.76 లక్షలు. పదేళ్లలో పుట్టిన పిల్లల వల్ల అంత పెరగలేదు. అంతకు ముందూ ఉన్న మనుషులే లెక్కలోకి వచ్చారు. 2001కి ఎస్టీల వాటా రాష్ట్ర జనాభాలో 6.59 శాతం. 42 లోక్‌సభ సీట్లలో 6.59 శాతం అంటే 2.77. దాన్ని 3 చేశారు. అంతదాకా ఉన్న రెండు సీట్లు, భద్రాచలం, పార్వతీపురం, 2008లో పోయి అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్ అనే మూడు ఎస్టీ స్థానాలు వచ్చాయి. మహబూబాబాద్ నుంచి బలరాం నాయక్, సీతారాం నాయక్, మాలోత్ కవిత, ఆదిలాబాద్ నుంచి రాథోడ్ రమేష్, గోడం నగేష్, సోయం బాపూరావు, అరకు నుంచి కిశోర్‌చంద్ర దేవ్, కొత్తపల్లి గీత, గొడ్డేటి మాధవి, తనూజారాణి ఎంపీలయ్యారు. ఈ మార్పు వెనక జనాభా లెక్కల పుస్తకంలోని ఒక గడి ఉంది.

రిజర్వేషన్ లేని చోట మనవాళ్లు గెలవలేరా అంటే, గెలిచారు. 2004లో వరంగల్ లోక్‌సభ స్థానం జనరల్. అక్కడ టీఆర్ఎస్ తరఫున ధరావత్ రవీందర్ నాయక్ గెలిచారు. ఉద్యమం వేడి మీద ఉన్న ఎన్నిక అది, చుట్టూ తండాలూ చాలా ఉన్నాయి. సికింద్రాబాద్‌లో ఆ రెండూ లేవు. అయినా అంకెలు ఒకసారి చూడండి. 2024లో ఇక్కడ కిషన్ రెడ్డికి దానం నాగేందర్ మీద వచ్చిన మెజారిటీ 49,944. పైన చెప్పిన హైదరాబాద్ జిల్లా ఎస్టీ జనాభాకు అది దాదాపు సమానం. జిల్లా వేరు, నియోజకవర్గం వేరు, జనాభాలో ఓటు లేని పిల్లలూ ఉంటారు. కాబట్టి ‘మన ఓట్లతోనే గెలుపోటములు’ అని ఎవరైనా సభలో చెబితే నమ్మకండి. కానీ ఇంటికి వచ్చి అడగడానికి తగినంత మంది ఉన్నామన్నది మాత్రం నిజం. అడగడం లేదంటే, జాబితాలో కనిపించకపోవడమే ఒక కారణం. సికింద్రాబాద్‌లో 2019లోనూ, 2024లోనూ పోలింగ్ సగం దాటలేదు. 2024లో మహబూబాబాద్‌లో 70 శాతం దాటింది. అలాంటి సగం పోలింగ్ సీటులో ఒక బస్తీ మొత్తం కట్టగా వెళ్లి ఓటేస్తే దాని బరువు వేరు. పీజేఆర్ కాలంలో బస్తీలు చేసింది అదే.

వచ్చే పునర్విభజనలో మనకు అసలు చిక్కు ఇంకోచోట ఉంది. 2024లో మల్కాజిగిరిలో 37 లక్షలకు పైగా ఓటర్లున్నారు, దేశంలోకెల్లా ఎక్కువ. మహబూబాబాద్‌లో 15 లక్షల పైచిలుకు. ఒక ఎంపీకి దాదాపు ఒకే జనాభా ఉండాలన్నది సూత్రం గనుక, గీతలు మళ్లీ గీసిన రోజు సీట్లు నగరం వైపు జరుగుతాయి. నగరంలో స్థానాలు చిన్నవవుతాయి, అడవి వైపు స్థానాలు ఇంకా వెడల్పు అవుతాయి. ములుగు నుంచి భద్రాచలం దాకా ఏడు శాసనసభ స్థానాలు ఇప్పటికే ఒక్క ఎంపీ కింద ఉన్నాయి. వెడల్పు చేసేటప్పుడు పక్కనున్న మైదాన మండలాలను కలిపితే అక్కడ మన నిష్పత్తి పడిపోతుంది. ఇంకోపక్క మన పిల్లలు నగరానికి వస్తున్నారు, కాబట్టి నిష్పత్తి ఆ వైపు నుంచీ తగ్గుతోంది.

అయితే నగరానికి వచ్చినంత మాత్రాన మన లెక్క పోదు. రాష్ట్రానికి మొత్తం ఎన్ని ఎస్టీ సీట్లు అన్న లెక్కలో ఫిల్మ్‌నగర్ బస్తీలో ఉన్న లంబాడీ అమ్మాయి, ఉట్నూరులో ఉన్న గోండు అబ్బాయి సమానమే. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో ఎస్టీలు దాదాపు 31.78 లక్షలు, 9 శాతం పైన. 17 సీట్లలో ఆ వాటా ఒకటిన్నర దాటింది గనుక రెండు నిలిచాయి. అంచు మీద ఉన్న లెక్క ఇది. కొన్ని వేల మంది లెక్కలో జారిపోతే అటు ఇటు కావచ్చు. జారిపోయేది తండాలో కాదు, తండాలో ఇల్లిల్లూ తెలుసు. జారిపోయేది అద్దె గదుల్లో, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ గదుల్లో, కట్టుబడి పని జరిగే చోట వేసిన రేకుల షెడ్లలో. ఊరికి వెళ్లి అడిగితే ‘పట్నంలో ఉన్నాడు’ అంటారు, పట్నంలో ఆ గదికి తాళం వేసి ఉంటుంది. ఆడపిల్లలకు ఇందులో ఇంకో మాట. 2023లో చేసిన 106వ సవరణ ప్రకారం మహిళలకు మూడో వంతు సీట్లు కూడా జనగణన, పునర్విభజన అయ్యాకే వస్తాయి, ఎస్టీ సీట్లలోనూ మూడో వంతు మహిళలకే.

2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టి జనగణన ప్రకటించారు. లెక్క రాసేవాళ్లు మనిషి మామూలుగా ఎక్కడ ఉంటాడో అక్కడే రాస్తారు. హాస్టల్‌లో ఉండేవాళ్లను హాస్టల్‌లోనే రాస్తారు. కాబట్టి ఊళ్లో అమ్మానాన్న చెప్పారులే అనుకోవద్దు, ఇక్కడ మీరే చెప్పాలి. ఎస్టీ అని చెప్పి ఊరుకోకుండా లంబాడీ, కోయ, గోండు, ఎరుకల, ఏదైతే అది, తెగ పేరు కూడా రాయించాలి. రాసిన దాన్ని చదివి చూసుకోవాలి. మాతృభాష అడిగిన చోట మొహమాటపడి తెలుగు అని చెప్పేస్తుంటారు మనవాళ్లు, ఇంట్లో మాట్లాడేది గోర్ బోలీయో కోయ భాషో అయినా సరే.

ఓటు సంగతి జనగణనకు సంబంధం లేనిది, దాన్ని ఎక్కడ ఉంచుకోవాలో మీ ఇష్టం కూడా కాదు. చట్టం ప్రకారం మామూలుగా నివసించే చోటే ఉండాలి, రెండు చోట్ల ఉండకూడదు. కొత్తగా 18 నిండినవాళ్లకు ఫారం 6, ఇల్లు మారినవాళ్లకు ఫారం 8. జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల మొదటి తేదీల్లో ఏదో ఒకదానికి 18 నిండితే చాలు, ఏడాదంతా ఆగనక్కరలేదు. స్లిప్పు వచ్చాక దాని మీద శాసనసభ స్థానం పేరు చూడండి. జూబ్లీహిల్స్‌లో ఉంటూ ఖైరతాబాద్ అని కనిపిస్తే తప్పు పడిందని కంగారు పడొద్దు.